కారని కట్ట

పుబ్బ కార్తె, ఆరో రోజు

నీ తేదీ నువ్వు వేసుకో, కోర్టు పెట్టె, నా తేదీ నేను చెప్తాను. ఇవాళ పుబ్బ కార్తెలో ఆరో రోజు. నా పేరు తవిటమ్మ, ఇంటిపేరు కలిశెట్టి. ఊరు ఎగువ కొండ్రవలస, నక్కలగెడ్డ వాగు పుట్టే చోటు. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో నా మణికట్టు మీద సర్కారు వేసిన గుర్తు చూస్తే నీకే తెలుస్తుంది. అక్షరం ముక్క రాదు. నీటి కోర్టులో కేసు వెయ్యడానికి అక్షరాలు అక్కర్లేదు, ఊరి సావిట్లో నీ ముందు కూర్చుని మాట్లాడితే చాలన్నారు, వినేదీ రాసేదీ తీర్పు చెప్పేదీ నువ్వేనట. మాట్లాడ్డానికి నాకేం లోటు లేదు. చెప్పింది చెప్పినట్టు రాసుకో. సాపు చెయ్యకు.

నేను ముద్దాయిని కాను. కేసు వేసింది నేను, దిగువ రక్షణ సంస్థ మీద.

పొద్దున మేం మేకల్ని తోలుకెళ్ళే వేళకి గెడ్డ కింది నుంచి రెండు గొల్లభామలు ఎక్కి వచ్చాయి. ఆరు కాళ్ళ యంత్రాలకి మేం పెట్టుకున్న పేరు అది. సంస్థ వాళ్ళు వాటికి ఏదో నంబరు చెప్తారు. మేం చూస్తుండగానే రెండు కట్టల్ని పీకి పక్కన కుప్ప పోశాయి. పన్నెండు మంది ఆడవాళ్ళం వారం రోజులు మోసి పేర్చిన కట్టని, ఒక్కోదాన్ని, నేను అంబలి తాగి గిన్నె కడిగేలోపు పీకేశాయి.

మా కట్టలంటే పెద్దవి అనుకోకు. సిమెంటు లేదు, ఇనుం లేదు. వట్టి రాళ్ళు. ఏ కట్టా మనిషి రొమ్ము ఎత్తు దాటదు. అడుగున గుండ్లు, పైన చేతికి అందే రాళ్ళు, రెండు చివరలూ గట్టులోకి గుచ్చి ఉంటాయి. నడుం పల్లంగా, భుజాలు ఎత్తుగా పేరుస్తాం, నీళ్ళు మధ్య నుంచే దిగడానికి. కొండ నెత్తి నుంచి మొదలుపెట్టి కిందికి కట్టుకుంటూ వచ్చాం, అయిదేళ్ళు పట్టింది. మొత్తం ముప్పై ఏడు. ఇప్పటి వానలు నీకు తెలిసినవే కదా. నెల వాన ఒక్క పూటలో కుమ్మరిస్తుంది. ఆ నీళ్ళు ఒక్క ఉరుకున కొత్తరేవు మీద పడకుండా మా కట్టలు ఒక్కోటీ కాస్త కాస్త పట్టుకుని వదులుతాయి. పొద్దున పడ్డ వాన సాయంత్రం దాకా దిగుతూనే ఉంటుంది.

కొత్తరేవు అంటే సముద్రం పాత రేవుల్ని మింగేశాక చేపలు పట్టే పల్లెకారు పైకి వచ్చి మైదానంలో కట్టుకున్న ఊరు. సిమెంటు కాళ్ళ మీద ఇళ్ళు.

మఖ కార్తె ఆఖర్లో వాన పడింది. మా కట్టల్లో ఒకటి తెగింది. అది తెగి కింది రెండింటిని ఊడ్చుకుపోయింది. ఆ నీళ్ళు గోడలాగ వెళ్ళి కొత్తరేవు మీద పడ్డాయి. మనుషులు పోలేదు. ఏడు ఇళ్ళు ఒరిగాయి, వలల పాక ఒకటి కొట్టుకుపోయింది. ఆ మర్నాడే సంస్థ ఉత్తర్వు తెచ్చింది, ముప్పై ఏడూ తీసెయ్యాలని. తెగినవి మూడు. నిలబడ్డవి ముప్పై నాలుగు. ఇవాళ రెండు పోయి ముప్పై రెండు.

ఎందుకు తెగిందని అడుగుతున్నావా? నా వరసలో నేను చెప్తాను. నన్ను తొందరపెట్టకు.

నాకు కావలసింది ఒకటే. ఆ గొల్లభామల్ని ఆపు. హస్త వానలకి ఇంకా ఇరవై రెండు రోజులుంది. ఈ లోపు కట్టలన్నీ పోతే గెడ్డలో నీటిని పట్టుకునేది ఏదీ ఉండదు. అప్పుడు ఏడు ఇళ్ళు ఒరగడంతో ఆగదు.

పుబ్బ, ఏడో రోజు

ఉలవల్లో రాళ్ళు ఏరుకుంటూ చెప్తాను. చేతులు ఖాళీగా పెట్టుకుని మాట్లాడ్డం నాకు చాతకాదు. చప్పుడు వినిపిస్తే అది ఉలవల చప్పుడు, రాయక్కర్లేదు.

ఇవాళ మూడు పోయాయి. ఇరవై తొమ్మిది.

గొల్లభామల వెనకాల సంస్థ ఇంజనీరమ్మ వచ్చింది. పేరు వినీల. ఒంటి మీద చెమట చుక్క లేదు, ఆ చొక్కాలో చల్లగాలి తిరుగుతుందట. నేను వెళ్ళి కట్ట మీద కూర్చున్నాను. యంత్రం మనిషి కూర్చుంటే ముట్టుకోదని తెలుసు.

"అమ్మా, దిగండి. నాక్కూడా ఈ పని ఇష్టం లేదు," అంది.

"ఇష్టం నేపోతే ఎందుకు సేస్తున్నావు పాపా? నీ కాళ్ళకి తాడేటైనా కట్టినారేటి?"

"మా పటంలో ఈ కట్టలు లేవు. పటంలో లేనిది ఎప్పుడు తెగుతుందో మాకు తెలీదు. ఒకటి తెగింది. మిగతావీ తెగవని మీరు రాసివ్వగలరా?"

"రాయడం నాకు రాదు."

"అయితే ఎందుకు తెగిందో చెప్పగలరా?"

ఆ మాట విన్నాక నేను దిగి ఇంటికి వచ్చేశాను. నా వెనక కట్ట పీకుతున్న చప్పుడు వినపడింది. తిరిగి చూడలేదు.

మధ్యాహ్నం నువ్వు నాకు చెప్పిన రూలు మళ్ళీ ఒకసారి చెప్తాను, తప్పయితే దిద్దు. కట్ట ఎందుకు తెగిందో తేలితే, ఆ కారణం మిగతా కట్టల్లో లేదని రుజువైతే, యంత్రాలు ఆగుతాయి. కారణం తేలకపోతే ఆగవు. పిడుగనో కొండచరియ అనో తేలినా ఆగవు, ఎందుకంటే పిడుగు మళ్ళీ పడచ్చు. మనిషి తప్పని తేలితే యంత్రాలు ఆగుతాయి గానీ ఆ మనిషికి గెడ్డ హక్కు పోతుంది. గెడ్డలో కాలు పెట్టకూడదు, రాయి ముట్టకూడదు, చేత్తో నీళ్ళు ముంచకూడదు. అంతేనా?

అంతేనన్నావు. సరే. ఇవాల్టికి చాలు. ఉలవలు అయిపోయాయి.

పుబ్బ, ఎనిమిదో రోజు

మళ్ళీ మూడు. ఇరవై ఆరు.

మా మరిది సింహాలు ఈ ఊరి పెద్ద. పొద్దున్నే మా ఇంటి అరుగు మీద పంచాయితీ పెట్టాడు. నేనూ, నా తోడికోడలు ఆదెమ్మా, ఇంకో నాలుగు ఇళ్ళ వాళ్ళూ. నీకు దూరంగా మాట్లాడుకుందాం అన్నాడు. నాకు దాపరికం లేదు, అందుకే ఇప్పుడు నీకు చెప్తున్నాను. వాడికి కోపం వస్తే రానీ.

"ఒదినా, పిడుగు పడిందని సెప్పీ. మేం నలుగురం సూసినామని సాచ్చికం సెప్తాం," అన్నాడు.

"రాళ్ళ కట్టని పిడుగేటి సేస్తాదిరా?"

"ఏదో సేస్తాది. పెట్టెకేటి తెలుస్తాది?"

ఆదెమ్మ నవ్వింది. "పెట్టెకి తెలీదేటి? మొన్న నువ్వు కల్లు తాగి చోడి చేలో తొంగున్నావని కూడా దానికి తెలుసు."

"నువ్వూరుకోయే! ఒదిని గెడ్డ హక్కు పోతే నవ్వుతావేటి? దానికి నీళ్ళెవలు తెస్తారు?"

"నాను తెస్తాను," అంది ఆదెమ్మ. తరవాత నవ్వడం ఆపేసి నా వంక చూసింది. మా పక్క అక్కని అప్ప అంటారు. "గానీ అప్పా, నువ్వు గెడ్డలోకి దిగకుండా బతకలేవు. కట్టలు పోతే పోనీ. నువ్వు సెప్పకు."

పిడుగని చెప్పినా యంత్రాలు ఆగవురా అని రూలు చెప్పాను. సింహాలు నమ్మలేదు. ఇంటికో మాట చొప్పున మూడు పూటలు తెగని పంచాయితీ అది. ఆఖరికి అందరూ ఒక మాట మీదికి వచ్చారు, తవిటమ్మ నోరు మూసుకోవాలని. డెబ్బై ఏళ్ళలో నన్ను నోరు మూసుకోమని ఇంత మంది కలిసి చెప్పడం ఇదే మొదలు.

వాళ్ళందరికీ కారణం తెలుసు. తెగక ముందే తెలుసు.

పుబ్బ, తొమ్మిదో రోజు

పొద్దున మూడు పోయాయి. ఇరవై మూడు. మధ్యాహ్నం అంబలి తాగకుండానే వచ్చాను. ఇప్పుడు చెప్పేది మొత్తం చెప్పేదాకా మధ్యలో అడ్డం రాకు.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పాతది కాదు, కట్టలతోనే పుట్టింది, పుట్టించింది నేనే. ఇంట్లో ఆడమనిషి పోతే ఆ ఇంటివాళ్ళు ఒక కట్టకి ఆ పేరు పెడతారు. నడిమి రాయికి పసుపు రాసి బొట్టు పెడతారు. ముప్పై ఏడు కట్టలకీ ముప్పై ఏడు పేర్లు, కట్టలకి ముందు పోయినవాళ్ళవీ కలిపి. పైనుంచి మొదటిది మా అత్తది. సింహాలు వాళ్ళమ్మ అన్నమాట. పేరు పెట్టాక జనం కట్టల్ని బాగా చూసుకున్నారు. రాయి జారితే పిలవకుండానే వచ్చి సర్దేవారు. అందుకని నాకు గర్వంగా కూడా ఉండేది.

పైనుంచి ముప్పై అయిదోది సాయమ్మ కట్ట. సాయమ్మ నా కూతురు. రెండేళ్ళ కిందట ఆశ్లేషలో చేలో పాము కరిచింది. గెడ్డ నిండుగా పారుతోంది, దాటించలేకపోయాం. మందు తెచ్చే ఎగిరే గంప వానలో ఎగరలేదు. దానికి ముప్పై నాలుగేళ్ళు. అంతే, దాని గురించి ఇంకేం చెప్పను.

ఈ ఏడు ఆశ్లేషలో దాని తిథి వచ్చింది. ఇల్లు అలికాను. గాదె అలికాను. మా పక్క, పోయినవాళ్ళ తిథికి వాళ్ళ పేరున ఉన్నదేదీ అలక్కుండా వదలరు. ఆ కట్ట దగ్గరికి వెళ్ళి చూస్తే రాళ్ళ మధ్య బెజ్జాలు, ఒక్కో బెజ్జంలోంచి నీటి చార. గోడలు పడిపోయిన ఇల్లులా కనపడింది నా కంటికి. ఎర్రమట్టి తెచ్చాను. పేడ కలిపాను. తరిగిన గడ్డి వేసి తొక్కాను. రెండు పక్కలా మూడు పూతలు పూశాను. నాలుగు రోజులు పట్టింది. ఆరాక సున్నంతో ముగ్గు గీశాను. నడుం దగ్గర పల్లం ఉంటే బాగాలేదని రాళ్ళు ఎత్తి భుజాలతో సమం చేశాను.

కట్ట కారడం ఆగిపోయింది. వెనకాల నీళ్ళు నిలిచాయి, చెరువులాగ. తొమ్మిది రోజుల పాటు రోజూ వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. ఎక్కణ్ణించో రెండు నీటికోళ్ళు కూడా వచ్చాయి.

కట్ట కారాలని నాకు తెలీదా? ఊరందరికీ నేర్పింది నేనే. మూడేళ్ళ కిందట ఒకావిడ కట్ట సందుల్లో బంకమట్టి కూరితే ఆవిడ చేతనే గోళ్ళతో తీయించాను. కారితేనే కట్ట, పట్టి ఉంచితే చావు అని కేకలేశాను. ఆవిడ ఏడ్చింది. ఆ నేనే అలికాను.

ఊరంతా చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆదెమ్మ ఒక్కత్తి వచ్చి, "మేకలకి నీళ్ళు బాగున్నాయప్పా," అని వెళ్ళిపోయింది. నా నోటికి భయపడ్డారో, పోయినదాని పేరు ఎత్తడం ఎందుకనుకున్నారో. వాళ్ళని నేను తప్పు పట్టను. వాళ్ళ స్థానంలో నేనుంటే? నేనయితే అనేదాన్నే. అది వేరు.

మఖలో వాన పడింది. నిలిచిన నీళ్ళ మీద ఇంకో నీళ్ళు వచ్చి పడ్డాయి. కట్ట తెగింది.

ఇదీ కారణం. మిగతా వాటి మీద అలుకు లేదు. వెళ్ళి చూసుకోండి. నేను తెలిసి చేశాను. రాసుకున్నావా?

ఆదెమ్మ పిలుస్తోంది. యంత్రాలు ఆగాయట.

పుబ్బ, పదో రోజు

గొల్లభామలు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి, ఒకటి కాలు ఎత్తి పెట్టుకునే ఆగిపోయింది. ఎవరిదో మేక వెళ్ళి దాని కాలికి ఒళ్ళు రుద్దుకుంటోంది.

ఇరవై మూడు నిలబడి ఉన్నాయి. ఇది తాత్కాలికంగా ఆపడమేనని, రుజువు చూశాక తీర్పని అన్నావు. ఇంజనీరమ్మా, మునిగిన ఊరి తరఫున ఒక మనిషీ వచ్చి చూస్తారన్నావు. రానీ.

సింహాలు నాతో మాట్లాడ్డం లేదు. మా ఇంటి ముందు నుంచి పోకుండా చుట్టూ తిరిగి పోతున్నాడు. మోకాళ్ళ నొప్పితో అంత చుట్టు తిరుగుతున్నాడంటే కోపం గట్టిదే.

పుబ్బ, పదమూడో రోజు

కొత్తరేవు తరఫున వచ్చిన మనిషి ఆడమనిషి. మైలపల్లి కొర్లమ్మ. నా ఈడుదే. ముక్కుకి రెండు పక్కలా అడ్డబాసలు, కాళ్ళకి చెప్పుల్లేవు. కొట్టుకుపోయిన వలల పాక ఆవిడది. కొండ ఎక్కి వచ్చి, ఆయాసం కూడా తీర్చుకోకుండా అడిగింది.

"నువ్వేనేటి తవిటమ్మంటే?"

"నానే."

"నలపై వలలు పోనాయి నావి. అందులో నాలుగు మాయత్త అల్లినవి. ఇప్పుడెవలికీ అల్లడం రాదు."

"అవును."

"అవునేటి? అవునంటే సరిపోద్దేటి?"

"సరిపోదు. కూకో. అంబలి తాగు."

"నీ అంబలి నాకేల?"

అంటూనే కూర్చుంది. తాగింది. ఉప్పు లేదంది. వేశాను. ఎక్కువైందంది. ఆవిడతో నాకు పడదని అప్పుడే అర్థమైంది, ఎందుకంటే ఆవిడ అచ్చం నాలాగే ఉంది.

ఇంజనీరమ్మ సాయమ్మ కట్ట ఉన్న చోటుకి వెళ్ళింది. గట్టుకి అతుక్కుని ఇంకా మిగిలిన ముక్క ఉంది. దాని మీద ఎర్రమట్టి, సున్నం గీత. ముక్క తీసి ఏదో గొట్టంలో వేసుకుంది. నేను గెడ్డలోకి దిగలేదు. తీర్పు రాకముందు దిగచ్చు గానీ దిగలేదు.

కొర్లమ్మ ఆ గీతని చూసి, "ముగ్గేశావేటి?" అంది.

"ఏశాను."

ఆవిడ ఆ సున్నాన్ని గోటితో గీరి చూసింది.

మిగతా ఇరవై మూడూ చూడాలంటే రెండు రోజులు పడుతుందని ఇంజనీరమ్మ అంది. మబ్బు కబురు చూసుకుని, రేపో ఎల్లుండో వాన అంది. కిందికి దిగే దారి మూసుకుపోతుందని ఇద్దరూ మా ఊళ్ళోనే ఆగారు. ఇంజనీరమ్మ సావిట్లో నీ పక్కన పడుకుంటానంది. కొర్లమ్మని నేను మా ఇంటికి రమ్మన్నాను. ఎక్కడ పడుకున్నా నిద్ర పట్టదులే అని వచ్చింది.

ఉత్తర కార్తె, రెండో రోజు

నిన్న తెల్లారేసరికి వాన మొదలైంది. వాన అనకూడదు దాన్ని. కడవ బోర్లించినట్టు.

కొర్లమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "మా ఊరు ములిగిపోద్ది," అంది. ఆ మాట నన్ను తిట్టడానికి అన్నది కాదు. నెమ్మదిగా అంది. నేను గొంగళి ఇచ్చి పద అన్నాను. వెలుతురు వచ్చాక ముగ్గురం గట్టు మీదుగా వెళ్ళాం. నేను పైన, వాళ్ళిద్దరూ గెడ్డ అంచున.

పైనుంచి ఇరవై మూడోది, అదే ఇప్పుడు ఆఖరిది. దాని కింద ఏమీ లేదు. నీళ్ళు వెనకాల ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. కట్ట ముందు పక్క ప్రతి సందులోంచీ నీళ్ళు, బుంగలు బుంగలుగా. నడుం మీద నుంచి కొంచెం దూకుతోంది. ఇది కూడా తెగితే నేను చెప్పినదంతా పోయినట్టే.

కొర్లమ్మ వంగి రాళ్ళ సందులో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా.

"ఓలమ్మీ! ఇది వలే!" అంది.

"కట్ట."

"కట్టేటే? సేపని పట్టి నీళ్ళని వొగ్గీసేది వల. ఇది మట్టిని పట్టి నీళ్ళని వొగ్గీస్తంది." లేచి నిలబడి నడుం మీద చేతులేసుకుంది. "వలకి సున్నం పూసీసినావేటే నువ్వు? డెబ్బై ఏళ్ళొచ్చినాయి, బుద్దుందేటి?"

లేదని ఒప్పుకున్నాను. ఇది కూడా రాసుకో. ఎప్పుడూ జరిగే పని కాదు.

మధ్యాహ్నానికి వాన తగ్గింది. కట్టలు ఇరవై మూడూ నిలబడ్డాయి. పదకొండోదాని మీద రెండు రాళ్ళు జారాయి, అంతే. కొర్లమ్మ చేతికున్న పలుకుబిళ్ళ మోగింది. కింది నుంచి ఆవిడ కోడలు.

"అత్తా, నీళ్ళొచ్చినాయి."

"ఎన్ని మెట్లు?"

"నాలుగు."

"సరిగ్గా సూడు గుంటా! మొన్న పదకొండు మెట్లెక్కింది."

"నాలుగే అత్తా. అయిదోది పొడిగుంది. దాని మీద కూకునే మాటాడతన్నాను."

ఇంజనీరమ్మ తన పలక చూసుకుని, ఇవాళ పడ్డది మఖలో పడ్డదానికి ముప్పాతిక అంది. పదకొండుకి ముప్పాతిక నాలుగు కాదని లెక్కలు రాని నాకే తెలుసు. ఆ పిల్ల పలక సంచిలో పెట్టేసింది. తరవాత వెళ్ళి జారిన రాళ్ళు రెండూ తనే ఎత్తి పెట్టింది. ఒకటి తలకిందులుగా పెట్టింది. గట్టు మీద నుంచి కేకేసి సరిచేయించాను.

ఉత్తర, అయిదో రోజు

తీర్పు చెప్పావు. బాగానే చెప్పావు. పాటలు వేసే రేడియో మనిషిలాగ మెత్తగా చెప్పక్కర్లేదు, నేను తట్టుకోగలను.

కట్టలు ఉంటాయి. సంస్థ పటంలో ఎక్కుతాయి. పీకిన చోట్లా తెగిన చోట్లా మళ్ళీ కట్టుకోవచ్చు. ప్రతి వానకీ ముందు ఎగువ నుంచి ఒకరు, కొత్తరేవు నుంచి ఒకరు నడిచి వెళ్ళి ప్రతి కట్టా కారుతోందో లేదో చూడాలి. కలిశెట్టి తవిటమ్మకి గెడ్డ హక్కు జీవితాంతం రద్దు.

కొర్లమ్మ సాక్ష్యం వల్లే సగం తేలింది, నాకు తెలుసు. ఈ మఖ దాకా మూడేళ్ళుగా మా ఊరు మునగలేదు, అంతకు ముందు ఏటా మునిగేది, ఎందుకో మేం ఆలోచించలేదు, అని చెప్పిందట. నలభై వలలు పోగొట్టుకున్న మనిషి ఆ మాట చెప్పింది.

తీర్పులో ఒక ముక్క మాత్రం నేను ఒప్పుకోను. "వృద్ధాప్యం వల్లా దుఃఖం వల్లా కలిగిన పొరపాటు" అన్నావు. అది కొట్టెయ్యి. పొరపాటంటే తెలీక చేసేది. నాకు తెలుసు. తెలిసి చేశాను. హక్కు తీసేసుకో, జాలి నాకక్కర్లేదు. మార్చావా? చదువు.

ఇప్పుడు బాగుంది.

సాయంత్రం ఆదెమ్మ బిందె నీళ్ళు తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. నేను థాంక్సు చెప్పలేదు, అది ఎదురు చూడనూ లేదు. సింహాలు మొదటిసారి మా ఇంటి ముందు నుంచి నడిచి వెళ్ళాడు. ఆగలేదు.

హస్త కార్తె, మొదటి రోజు

కేసు ముగిసింది, ఇంక రాయక్కర్లేదు అంటున్నావు. ముగిసినా రాసుకో. పటంలో ఎక్కించేది నువ్వే కదా.

కొత్తరేవు నుంచి ఎనభై మంది దాకా వచ్చారు, తొమ్మిది రోజులు. కొర్లమ్మ తోలుకొచ్చింది. పల్లెకారికి రాళ్ళ పని రాదు గానీ వరసలో నిలబడి చేతికి చెయ్యి అందించడం మాకంటే బాగా వచ్చు, వలలు లాగిన చేతులు. పీకేసిన రాళ్ళు అక్కడే ఉన్నాయి కాబట్టి మోత తక్కువ. ఇరవై నాలుగు నుంచి కిందికి కట్టుకుంటూ వచ్చారు. నేను ప్రతి రోజూ గట్టు మీద పీట వేసుకుని కూర్చున్నాను. ముట్టకూడదన్నావు, మాట్లాడకూడదని అనలేదు. భుజం ఎత్తండి, నడుం దించండి, ఆ గుండు అడుగుకి, ఓయ్ టోపీ ఆయనా, అది పెట్టకు, అది గుండ్రంగా ఉంది దొర్లుతుంది. గొంతు పోయింది నాకు. ఆదెమ్మ మిరియాల కషాయం కాచి తెచ్చింది.

ఇవాళ పైనుంచి ముప్పై అయిదోది పూర్తయింది. ఆ చోటు.

ఆచారం ప్రకారం నడిమి రాయి పెట్టాక పేరు చెప్పాలి. అందరూ పని ఆపారు. సింహాలు పసుపు గిన్నె పట్టుకుని కట్ట మీద నిలబడి నా వంక చూశాడు. ఇన్నాళ్ళకి మాట్లాడాడు.

"ఒదినా, పేరు సెప్పు. నీ నోటితో నువ్వే సెప్పు."

"దీనికి పేరు నేదు."

"సాయమ్మ పేరు పెట్టీనా?"

"వొద్దు. దీనికే కాదు, దేనికీ వొద్దు. అన్నింటికీ తీసీండి."

సింహాలు గిన్నె కింద పెట్టేశాడు. "మాయమ్మ పేరు తీసీమంటావేటి? బుర్ర పోనాదేటి నీకు?"

"పేరుంటే ఇల్లనుకుంటాం రా. ఇల్లనుకుంటే అలుకుతాం. నానే అలికీసినాను, రేపు నీ కోడలు అలకదేటి? అప్పుడు సెప్పడానికి ఎవలైనా నోరు తెరుస్తారేటి? తెరిసినారేటి నా కాడ?"

ఆదెమ్మ తల దించుకుంది. పల్లెకారికి మా ఆచారం అర్థం కాక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కొర్లమ్మకి అర్థమైంది. ఆవిడ గిన్నె తీసి చూసి, పక్కనున్న ఆదెమ్మకిచ్చి, "కాళ్ళకి రాసుకోండి, పగుళ్ళకి మంచిది," అంది.

సింహాలు వెళ్ళిపోయాడు. వాడు వాళ్ళమ్మ కట్ట బొట్టు తుడవడు, నాకు తెలుసు. ఇంకో ఆరేడు ఇళ్ళవాళ్ళు కూడా తుడవరు. కొందరు తుడుస్తారు. మా అత్త కట్టని వానకి ముందు చూడ్డానికి నేను వెళ్ళలేను, ఆదెమ్మని పంపిస్తాను. దానికి ఇప్పుడు నోరు తెరవడం నేర్పుతున్నాను. నిన్న నా ఉలవచారు బాగాలేదని అంది. మొదలైనట్టే.

మధ్యాహ్నం చినుకు పడింది. హస్త మొదటి చినుకు. అది జోరందుకునేసరికి అందరూ సావిడి వైపు పరిగెత్తారు. నేను పీట మీదే గొంగళి కప్పుకుని కూర్చున్నాను. కొత్త కట్ట వెనకాల నీళ్ళు నెమ్మదిగా లేచాయి, అడుగు, అడుగున్నర. ముందు పక్క చాలాసేపు పొడిగా ఉంది. దిగి వెళ్ళి చెయ్యి పెట్టి చూడాలని కాళ్ళు లాగాయి. దిగలేదు. అప్పుడు అడుగు వరసలో ఒక సందులోంచి చిన్న చార వచ్చింది. తరవాత దాని పక్కన ఇంకోటి. తరవాత లెక్క తప్పింది.

రాసుకో. నక్కలగెడ్డ, పైనుంచి ముప్పై అయిదో కట్ట. రొమ్ము ఎత్తు, పద్దెనిమిది బారల పొడవు. కట్టింది కొత్తరేవు, ఎగువ కొండ్రవలస. పేరు గడి ఖాళీగా ఉండకూడదు అంటున్నావా? ఉండనీ. స్థితి అంటావా?

కారుతోంది.